ఐసీయూ నుంచి లేచిన శరీరానికి మళ్లీ నడక: వ్యాయామం ఎవరికి, ఎప్పుడు, ఎంత?

వెంటిలేటర్ తీసేశారు. రక్తంలో చేరిన ఇన్ఫెక్షన్ అదుపులోకి వచ్చింది, మూత్రపిండాలు మళ్లీ పనిచేస్తున్నాయి, పరీక్షల కాగితాల మీద అంకెలన్నీ కోలుకున్న మనిషివే. అయినా ఆ మనిషి మంచం మీద తనంతట తాను ఒత్తిగిల్లలేడు. గ్లాసు నోటిదాకా వెళ్లేలోపు చెయ్యి వణికి సగం నీళ్లు దుప్పటి పాలవుతాయి. ప్రాణగండం గడిచిందని ఊపిరి పీల్చుకున్న కుటుంబానికి ఇది మరో భయం: కాళ్లు పడిపోయాయా, ఇక నడవలేరా?

ఈ దశలో ఇంటివాళ్లకు వినిపించే సలహాలు రెండు రకాలు. ఇంత జబ్బు చేసి లేచిన మనిషిని కొన్నాళ్లు కదపకూడదనేది ఒకటి, పడుకున్నకొద్దీ మంచమే గతి అవుతుంది కాబట్టి రేపే నడిపించాలనేది మరొకటి. విచిత్రమేమిటంటే వైద్య పరిశోధనలు కూడా పైపైన చూస్తే ఇలాగే రెండుగా చీలినట్టు కనిపిస్తాయి. ఐసీయూలో త్వరగా కదిలించినవారు బాగా కోలుకున్నారని 2009లో ఒక ప్రసిద్ధ అధ్యయనం చెప్పింది. అంతకు ఏడు రెట్ల మందితో 2022లో జరిగిన మరో అధ్యయనం అదనంగా కదిలించడం వల్ల ప్రయోజనం కనిపించలేదని, పైగా ఇబ్బందులు ఎక్కువయ్యాయని తేల్చింది. నిజానికి ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. "వ్యాయామం మేలు చేస్తుందా" అని మనం అడిగే ఒక్క ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి: ఎవరికి, ఎప్పుడు, ఎంత, ఏ కొలబద్ద ప్రకారం. ఆ ముడి విప్పాలంటే ముందు కండరానికి ఏం జరుగుతుందో చూడాలి.

పది రోజుల్లో కండ ఎలా కరుగుతుంది

ఏ జబ్బూ లేనివారికి కూడా కదలక పడుకుంటే కండ తగ్గుతుంది. 2007లో వెలువడిన ఒక చిన్న అమెరికన్ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచానికే పరిమితం చేసినప్పుడు, వారి కాళ్లలోని కండ సగటున దాదాపు 1 కిలో తగ్గింది. అది కేవలం పడుకున్నందుకు పడిన మూల్యం.

ఐసీయూలో దానికి జబ్బు తోడవుతుంది. శరీరమంతటా జబ్బుకు ప్రతిస్పందనగా రేగే వాపు, మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్ చెలరేగినప్పుడు కండరంలో ప్రోటీన్ తయారీ మందగించి, ఉన్న ప్రోటీన్ విరిగిపోవడం పెరుగుతుంది. ఇన్సులిన్‌కు కండరం సరిగా స్పందించదు. 2013లో బ్రిటన్ పరిశోధకులు 63 మంది రోగుల తొడ ముందు కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి చూస్తే, పదో రోజుకల్లా దాని అడ్డుకోత వైశాల్యం సగటున 17.7 శాతం తగ్గింది. ఒక్క అవయవమే దెబ్బతిన్నవారి కంటే పలు అవయవాలు దెబ్బతిన్నవారిలో ఈ నష్టం ఎక్కువ. బయటికి మాత్రం ఇది తెలియదు, ఎందుకంటే అదే సమయంలో ఒంట్లో నీరు చేరి కాళ్లు ఉబ్బి ఉంటాయి. వాపు తీసిన రోజున కాలు చూసి ఇంటివాళ్లు ఉలిక్కిపడతారు. ఆ కాలు అంతకు వారాల ముందే సన్నబడిందని వారికి తెలిసే వీలు లేదు.

ఊపిరి తీయించే కండరం, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య తెరలా ఉండే డయాఫ్రం, ఇంకా త్వరగా క్షీణిస్తుంది. మెదడు మరణం సంభవించి, వెంటిలేటర్ మీద 18 నుంచి 69 గంటలు ఉన్న అవయవదాతల డయాఫ్రంను పరిశీలించిన 2008 నాటి అధ్యయనంలో కండర పోగులు సగానికి పైగా సన్నబడి కనిపించాయి. వెంటిలేటర్ తీశాక నాలుగడుగులకే ఆయాసం రావడానికి ఊపిరితిత్తులు ఒక్కటే కారణం కావనడానికి ఇది బలమైన ఆధారం.

కండరంతో పాటు నరం కూడా దెబ్బతినవచ్చు. కెనడాకు చెందిన నరాల వైద్యుడు చార్లెస్ బోల్టన్, ఆయన సహచరులు 1984లోనే దీన్ని వర్ణించారు: జబ్బు తగ్గినా వెంటిలేటర్ నుంచి బయటపడలేని రోగులలో కాళ్లకూ చేతులకూ వెళ్లే నరాల తంతువులే క్షీణించాయని వారు గుర్తించారు. నరం దెబ్బతినడాన్ని క్రిటికల్ ఇల్‌నెస్ పాలీన్యూరోపతీ అనీ, కండరమే దెబ్బతినడాన్ని మయోపతీ అనీ అంటారు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి వ్యవహారంలో రెంటినీ కలిపి "ఐసీయూలో సంక్రమించిన బలహీనత" అంటున్నారు. అయితే కోలుకునే వేగం విషయంలో ఈ తేడా ముఖ్యం. కండరం మాత్రమే దెబ్బతిన్నవారు సాధారణంగా త్వరగా, ఎక్కువగా కోలుకుంటారు. నరం దెబ్బతిన్నప్పుడు అది నెమ్మదిగా చిగురించాలి. నెలలు పట్టవచ్చు, కొందరిలో పాదం పైకి లేవని స్థితి మిగిలిపోనూ వచ్చు. పక్కపక్క మంచాల్లో అన్నే రోజులు ఉన్న ఇద్దరిలో ఒకరు ఆరు వారాలకు మెట్లెక్కుతుంటే మరొకరు వాకర్‌తోనే ఉండిపోవడానికి కారణం పట్టుదలలో తేడా కాకపోవచ్చు.

బలమైన తిండి పెడితే కండ పట్టేస్తుందన్న నమ్మకం గురించి ఇక్కడే ఒక మాట. వెంటిలేటర్ మీద ఉన్న 1,301 మందితో 2023లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో ఎక్కువ మోతాదు ప్రోటీన్ ఇచ్చినవారు త్వరగా ఇంటికి వెళ్లలేదు; మూత్రపిండాలు దెబ్బతిన్నవారికైతే అది హాని చేసినట్టు కనిపించింది. జబ్బు ముదిరిన రోజులకు సంబంధించిన ఫలితం ఇది. కోలుకునే దశలో తిండి, కదలిక ఒకదానికొకటి తోడు కావలసినవే, కానీ ఆ లెక్క వేరు.

బలహీనతకు 60 మార్కుల పరీక్ష

"నీరసంగా ఉంది" అన్న మాటను అంకెగా మార్చడానికి వైద్యులు వాడే సాధనం చాలా సాదాది. శరీరానికి ఇరువైపులా ఆరేసి కదలికలు చేయించి చూస్తారు: భుజాన్ని పక్కకు లేపడం, మోచేయి మడవడం, మణికట్టును పైకి వంచడం, తుంటి దగ్గర కాలిని పైకెత్తడం, మోకాలు చాచడం, పాదాన్ని పైకి లేపడం. ఒక్కో కదలికకు 0 నుంచి 5 వరకు మార్కులు. కండరంలో కదలికే లేకపోతే 0, చిన్నపాటి అదురు మాత్రమే కనిపిస్తే 1, భూమ్యాకర్షణ అడ్డులేని స్థితిలో కదిలితే 2, భూమ్యాకర్షణకు ఎదురుగా లేపగలిగితే 3, పరీక్షించేవారు చేత్తో ఆపుతున్నా కొంత నెట్టగలిగితే 4, మామూలు బలం ఉంటే 5. పన్నెండు కదలికలకు మొత్తం 60.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఒకామెకు భుజం 3, మోచేయి 4, మణికట్టు 4, తుంటి 2, మోకాలు 3, పాదం 3 వచ్చాయనుకుంటే ఒకవైపు 19. రెండోవైపూ అంతే అయితే మొత్తం 38. 48కి తగ్గితే ఐసీయూలో సంక్రమించిన బలహీనతగా లెక్కిస్తారు కాబట్టి ఆమె ఆ గీతకు బాగా దిగువన ఉన్నారు. ఇప్పుడు పన్నెండు కదలికల్లోనూ 4 తెచ్చుకున్న మరొకరిని తీసుకుందాం. ఆయనకు సరిగ్గా 48. నిర్వచనం ప్రకారం ఆయన బలహీనుడు కాడు. కానీ ఒంట్లో ఒక్క కండరానికీ పూర్తి బలం లేదు. కుర్చీలోంచి లేవలేకపోయినా కాగితం మీద ఆయన గట్టెక్కినవాడే. పైగా ఈ పరీక్షకు రోగి మెలకువగా ఉండి, చెప్పింది అర్థం చేసుకోవాలి. మత్తులో ఉన్నవారి బలహీనత దీనికి అసలు అందదు.

మార్కులు చెప్పని మరో సంగతి దైనందిన జీవితంలో కనిపిస్తుంది. ఒక మనిషి తొడ కండరాల గరిష్ఠ బలం 100 అనుకుందాం, మామూలు ఎత్తు కుర్చీలోంచి లేవడానికి 40 కావాలనుకుందాం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు లేవడం ఒక పని అని కూడా అనిపించదు. జబ్బు తరువాత ఆ బలం 50కి పడిపోతే అదే కుర్చీ ఇప్పుడు ఉన్న బలంలో 80 శాతం అడుగుతుంది. వ్యాయామశాలలో బరువులెత్తేవారు కూడా ఆ స్థాయి శ్రమను కొద్దిసార్లు చేసి ఆపుతారు. ఇంటివాళ్ల కంటికి "ఊరికే లేచి కూర్చున్నారు" అనిపించేది ఆయన శరీరానికి బరువులెత్తడమే. దిండు వేసి కుర్చీ ఎత్తు పెంచితే అడిగే బలం 40 నుంచి, ఉదాహరణకు, 30కి దిగుతుంది; శ్రమ 60 శాతానికి వస్తుంది; అప్పుడు రెండుసార్లకు బదులు ఆరుసార్లు లేవగలరు. ఫిజియోథెరపిస్టు కుర్చీ ఎత్తుతో కుస్తీ పట్టడం వెనక ఉన్న లెక్క ఇదే. ఎత్తును వారానికి కొంచెం తగ్గిస్తూ పోవడమే ఈ దశలో బరువు పెంచడం.

మంచం అంచున ఐదు నిమిషాలు

"వ్యాయామం" అన్న మాట వినగానే మనసులో మెదిలే బొమ్మకీ ఐసీయూలో జరిగేదానికీ పోలిక తక్కువ. అక్కడ మెట్లవరస వేరు. స్పృహ లేనివారికి కీళ్లు బిగుసుకుపోకుండా ఇతరులే కాళ్లూ చేతులూ ఆడిస్తారు. మెలకువ వచ్చాక పడుకున్నచోటే చేసే కదలికలు, తరువాత మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోవడం, నిలబడడం, కుర్చీలోకి మారడం, నిలుచున్నచోటే అడుగులు వేయడం, ఆపైన నడక. ఐసీయూ మొబిలిటీ స్కేల్ అనే కొలబద్ద దీన్ని 0 నుంచి 10గా చెబుతుంది: మంచం అంచున కూర్చుంటే 3, నిలబడితే 4, ఇద్దరు పట్టుకుంటే నడవగలిగితే 7, ఏ ఆసరా లేకుండా నడిస్తే 10.

ఆ 3 అనే అంకె దగ్గర కాసేపు ఆగుదాం. నోట్లో గొట్టంతో, వెంటిలేటర్ మీదే ఉన్న ఒకామెను మొదటిసారి కూర్చోబెడుతున్నారు. ముందు పది నిమిషాలు గొట్టాలతోనే సరిపోతుంది. వెంటిలేటర్ గొట్టం మంచం ఆ వైపుకు అందుతుందా, మెడ దగ్గరి సెలైన్ లైను ఎక్కడా నలగడం లేదా, మూత్రం సంచిని ఇవతలి వైపుకు మార్చి నడుము కంటే కింద తగిలించారా అని ఒక్కొక్కటీ చూస్తారు. ఒకరి పని నోటి దగ్గరి గొట్టాన్ని పట్టుకుని ఉండడమే. ఆ చెయ్యి మరో పనికి వెళ్లదు. ఆమెను పక్కకు తిప్పి, కాళ్లు కిందికి జార్చి, భుజాల వెనక చెయ్యేసి లేపుతారు. తల నిలవదు, ముందుకు వాలిపోతుంది. పాదాలు నేలకు ఆనకపోతే ఒళ్లు ఊగుతుంది కాబట్టి మంచాన్ని దించుతారు. మానిటర్ మీద పై రక్తపోటు 118 నుంచి 96కి జారుతుంది. వారాలుగా పడుకున్న శరీరంలో రక్తనాళాలు లేచి కూర్చోగానే బిగుసుకునే అలవాటు మరిచిపోయాయి. అందరూ ఆగుతారు. నిమిషం తరువాత 108. ఆమె వేళ్లు పరుపు అంచును గట్టిగా పట్టుకుని ఉంటాయి. తలెత్తి ఎదుటి గోడ చూడమంటారు. రెండుసార్లు చూస్తుంది. నాలుగో నిమిషానికి భుజాలు కుంగిపోతాయి, ఐదో నిమిషంలో పడుకోబెడతారు. సాయంత్రం దాకా నిద్రపోతుంది.

ఈ జాగ్రత్తలకు రాతపూర్వక పద్ధతి ఉంది. 2014లో అంతర్జాతీయ నిపుణుల బృందం ట్రాఫిక్ దీపాల పద్ధతిలో సూచనలు రూపొందించింది: ఏ స్థితిలో కదిలించడం సాధారణంగా క్షేమం, ఎప్పుడు ఆలోచించి నిర్ణయించాలి, ఎప్పుడు వద్దు. గాలిలో ఇస్తున్న ఆక్సిజన్ 60 శాతానికి మించకపోవడం, ఊపిరి నిమిషానికి 30కి మించకపోవడం ఆకుపచ్చ దీపం కిందికి వస్తాయి; రక్తంలో ఆక్సిజన్ 90 శాతానికి దిగువన ఉంటే రోగిని మంచం మీది నుంచి దింపడానికి ఎర్రదీపమే. నోట్లో గొట్టం ఉండడం ఒక్కటే ఆటంకం కాదని కూడా ఆ బృందం చెప్పింది.

మెలకువ లేనిదే కదలిక లేదు

ఐసీయూలో దశాబ్దాలపాటు రోగిని గాఢమైన మత్తులో ఉంచడమే దయ అనుకున్నారు. 2000లో 128 మందితో జరిగిన అమెరికన్ అధ్యయనం ఆ ఆలోచనను మార్చింది: రోజుకొకసారి మత్తుమందు ఆపి రోగిని మేల్కొలిపి చూసిన జట్టు వెంటిలేటర్ మీద గడిపిన కాలం మధ్యస్థంగా, అంటే అందరినీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యనున్నవారి లెక్కలో, 4.9 రోజులు, మామూలు పద్ధతిలో 7.3 రోజులు. మేల్కొన్న రోగితో ఏం చేయాలన్న ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది.

2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం దానికి జవాబు వెతికింది. 104 మంది రోగులు. అందరికీ రోజూ మత్తు ఆపారు. చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీసి ఒక జట్టుకు వెంటిలేటర్ పెట్టిన మధ్యస్థంగా 1.5 రోజులకే వ్యాయామం మొదలుపెట్టారు, రెండో జట్టుకు అది 7.4 రోజులకు మొదలైంది. ఆసుపత్రి నుంచి వెళ్లేనాటికి స్నానం, దుస్తులు, నడక వంటివి సొంతంగా చేసుకోగలిగినవారు మొదటి జట్టులో 59 శాతం, రెండో జట్టులో 35 శాతం. తాము ఎక్కడ ఉన్నామో తెలియని కలవరస్థితి, అంటే డెలీరియం, రెండో జట్టులో మధ్యస్థంగా 4 రోజులుంటే మొదటి జట్టులో 2 రోజులే ఉంది. 200 మందితో 2023లో వెలువడిన మరో అధ్యయనంలో, ఏడాది తరువాత జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతిన్నవారు త్వరగా కదిలించిన జట్టులో 24 శాతం, మామూలు జట్టులో 43 శాతం. కాళ్ల వ్యాయామం మెదడుకు మేలు చేయడం వింతగానే అనిపిస్తుంది; ఆ మేలు కదలికదా, మెలకువగా మనుషులతో మాట్లాడుతూ గడిపిన సమయానిదా అన్నది విడదీయడం మాత్రం కష్టం.

2022 ఫలితం ఎందుకు వేరుగా వచ్చింది

టీమ్ అనే పేరుతో ఆరు దేశాల్లోని 49 ఆసుపత్రుల్లో 750 మంది వెంటిలేటర్ రోగులపై జరిగిన అధ్యయనం 2022లో ప్రచురితమైంది. ఒక జట్టుకు వీలైనంత ఎక్కువగా, వీలైనంత పైస్థాయి కదలిక. రెండో జట్టుకు ఆ ఆసుపత్రిలో మామూలుగా జరిగేదే. 180 రోజుల్లో ప్రాణాలతో, ఆసుపత్రి బయట గడిపిన రోజులు మధ్యస్థంగా 143, 145. తేడా లేనట్టే. కదలిక వల్ల కావచ్చని అనుమానించిన ఇబ్బందులు, అంటే గుండె లయ తప్పడం, రక్తపోటు మారడం, ఆక్సిజన్ పడిపోవడం వంటివి, మొదటి జట్టులో 9.2 శాతం మందికి, రెండో జట్టులో 4.1 శాతం మందికి వచ్చాయి.

ఈ అంకెలను "ఐసీయూలో వ్యాయామం దండగ" అని చదివినవారున్నారు. ఆ తీర్పు తొందరపాటుదని నా అంచనా, ఎందుకంటే మూడో అంకె ఒకటుంది: చురుకైన కదలిక మొదటి జట్టుకు రోజుకు సగటున 20.8 నిమిషాలు దక్కితే, రెండో జట్టుకు 8.8 నిమిషాలు దక్కింది. అంటే పోల్చింది వ్యాయామాన్ని విశ్రాంతితో కాదు. ఎక్కువ వ్యాయామాన్ని తక్కువ వ్యాయామంతో. 2009లో రెండో జట్టు వారంపాటు దాదాపు కదలకుండా ఉంది. పదమూడేళ్లలో "మామూలు" చికిత్సే మారిపోయింది. ఆకలితో ఉన్నవాడికి మొదటి ముద్ద చేసిన మేలును, కడుపు సగం నిండినవాడికి అదనపు ముద్ద చేసిన మేలుతో పోలిస్తే జవాబులు ఒకటిగా వస్తాయా?

అయినా టీమ్ ఫలితాన్ని పక్కకు నెట్టేయడం కూడా న్యాయం కాదు. జాగ్రత్త పక్షం వహించేవారి వాదనలో బలముంది. 2009 అధ్యయనం చిన్నది, 2023 నాటిది ఒకే కేంద్రంలో జరిగింది. ఇలాంటివాటిలో ఫలితం పెద్దదిగా కనిపించే ప్రమాదం ఉంటుంది. మోతాదు పెంచితే మేలు పెరుగుతుందన్న ఊహకు పెద్ద అధ్యయనాల మద్దతు దొరకలేదు. 2016లో 300 మందిపై జరిగిన అమెరికన్ అధ్యయనంలో క్రమబద్ధమైన వ్యాయామ కార్యక్రమం ఆసుపత్రిలో గడిపే రోజులను తగ్గించలేదు; రెండు జట్లకూ మధ్యస్థం 10 రోజులే. మంచం మీదే తొక్కే సైకిలు 2009లో 90 మందితో జరిగిన అధ్యయనంలో ఆశలు రేపింది, 2024లో 360 మందితో ప్రచురితమైన అధ్యయనంలో మామూలు ఫిజియోథెరపీకి అదనంగా ఏమీ చేర్చలేకపోయింది. అయితే 2016 అధ్యయనంలోనే ఆరు నెలల తరువాత కొన్ని శారీరక సామర్థ్య కొలతలు వ్యాయామ జట్టులో మెరుగ్గా ఉన్నాయి. ఆసుపత్రిలో రోజులు లెక్కపెట్టేవారికి సున్నా, ఆరో నెలలో లేచి నడవడాన్ని కొలిచేవారికి కొంత. కొలబద్ద మారితే కథ మారుతుంది.

ప్రమాదాల లెక్కలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 48 అధ్యయనాలను కలిపి 2017లో చేసిన సమీక్ష 22,351 వ్యాయామ విడతలను చూసి, ఇబ్బంది అనదగినవి 2.6 శాతం విడతల్లోనే వచ్చాయని చెప్పింది. దాని పక్కన టీమ్ చెప్పిన 9.2 శాతాన్ని పెట్టి ప్రమాదం మూడింతలు పెరిగిందనేవారు ఒక సంగతి మరిచిపోతున్నారు: మొదటిది విడతల లెక్క, రెండోది మనుషుల లెక్క. ఒక్కో విడతలో ఇబ్బందికి 2.6 శాతం అవకాశం ఉండి, ఒకరికి పది విడతలు జరిగాయనుకుంటే, పదింటిలో ఒక్కసారైనా ఇబ్బంది ఎదుర్కొనేవారు నూటికి దాదాపు 23 మంది అవుతారు. ఏది ఇబ్బంది అన్న నిర్వచనం కూడా రెండుచోట్లా ఒకటి కాదు. టీమ్‌లో నిజంగా పోల్చదగింది 9.2 పక్కన ఉన్న 4.1 మాత్రమే.

ఇంటికి వెళ్లిన తరువాతి నెలలు

ఐసీయూలో గడిచే రోజులతో పోలిస్తే కోలుకునే కాలం చాలా పొడవు. కెనడా పరిశోధకులు తీవ్రమైన శ్వాసకోశ వైఫల్యం నుంచి బతికి బయటపడిన 109 మందిని ఏళ్ల తరబడి వెంబడించారు. ఆరు నిమిషాల్లో నడిచిన దూరం మధ్యస్థంగా మూడో నెలలో 281 మీటర్లు, ఆరో నెలలో 396, ఏడాదికి 422, అయిదేళ్లకు 436. దీన్ని వేగంలోకి మార్చితే మూడో నెలలో గంటకు 2.8 కిలోమీటర్లు, ఏడాదికి 4.2, అయిదేళ్లకు 4.4. పెద్ద లాభమంతా మొదటి ఏడాదిలోనే ఉంది. ఆ తరువాత నాలుగేళ్లకు కలిసొచ్చింది 14 మీటర్లు. వీరు మధ్యస్థంగా 45 ఏళ్లవారు కాబట్టి అయిదేళ్లకు కూడా ఆ వయసుకు తగిన దూరంలో 76 శాతమే నడిచినట్టు లెక్క.

మొదటి ఏడాదిలో వ్యాయామ కార్యక్రమం ఈ కోలుకునే గ్రాఫు వంపును పైకి లేపుతుందా? 2003లో 126 మందితో జరిగిన బ్రిటిష్ అధ్యయనంలో ఇంటి దగ్గర ఆరు వారాలు చేసుకునే కరదీపిక ఇచ్చిన జట్టు శారీరకంగా మెరుగ్గా కోలుకుంది. 2011లో 195 మందితో ఆస్ట్రేలియాలో ఎనిమిది వారాలు ఇంటికే వచ్చి నేర్పిన కార్యక్రమం తేడా చూపలేదు. 2015లో ఎడిన్‌బరాలో 240 మందికి వార్డులోనే ప్రత్యేక సహాయకులతో వ్యాయామాన్ని రెండు మూడింతలు చేసినా మూడో నెలలో కదలిక కొలత రెండు జట్లలో ఒకటే. అదే ఏడాది, వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష ఆరు అధ్యయనాల్లోని 483 మందిని కలిపి చూసి ఏదీ తేల్చి చెప్పలేమంది.

ఇన్ని సున్నాలకు ఒక కారణం పైన చూసిన నరం, కండరం తేడాలోనే ఉంది. ఈ అధ్యయనాల్లో చేరినవారిలో కొందరు ఏ సాయం లేకున్నా ఆరు నెలల్లో మామూలు అయ్యేవారు, మరికొందరు నరం చిగురించే దాకా ఎంత శ్రమపడినా ముందుకు సాగలేనివారు. వ్యాయామం వల్లనే తేడా వచ్చేవారు ఈ ఇద్దరి మధ్యలో ఉంటారు. ముగ్గురి సగటు తీస్తే మధ్యవారి లాభం కరిగిపోతుంది. బతికి బయటపడ్డ కొందరి తొడ కండరాన్ని పరీక్షించిన 2016 అధ్యయనం మరో కోణం చూపింది: ఆరో నెలకు కండ పరిమాణం తిరిగి వచ్చినా బలం రానివారున్నారు; కండ పెరగనివారిలో కండరాన్ని మరమ్మతు చేసే కణాలు తక్కువగా కనిపించాయి.

ఇంకొక కారణం కాళ్లకు బయట ఉంది. 2012 నుంచి వైద్యులు "ఐసీయూ అనంతర లక్షణాల సముదాయం" అన్న పేరును వాడుతున్నారు. అందులో శరీర బలహీనతతో పాటు మతిమరుపు, ఏకాగ్రత లోపం, పీడకలలు, కుంగుబాటు కలిసి ఉంటాయి, కుటుంబ సభ్యుల మానసిక క్షోభనూ అందులో చేర్చారు. రోజుకు మూడుసార్లు చేయాల్సిన వ్యాయామాన్ని చేశానో లేదో గుర్తుండని మనిషికీ, ఆయాసం రాగానే మళ్లీ గొట్టం పెడతారేమో అని గుండె దడదడలాడే మనిషికీ ఒకే కాగితం మీద ఒకే వ్యాయామాల జాబితా ఇస్తే ఫలితం ఒకటిగా ఉండదు. భుజం బిగుసుకుపోవడం, చీలమండ వంగకపోవడం, చాలాకాలం గొట్టం ఉన్న గొంతుతో మింగలేకపోవడం వంటివి దీనికి అదనం. భుజం లేవని మనిషి వాకర్ ఎలా పట్టుకుంటాడు?

అందుకే ఈ దశలో మోతాదును నిమిషాల్లో కాక రోగి చెప్పే శ్రమతో కొలుస్తారు. బోర్గ్ అనే 0 నుంచి 10 వరకు ఉన్న కొలబద్ద మీద ఆయాసం 3, 4 దగ్గర ఉంటే, అంటే మాట్లాడగలిగినా పాట పాడలేనంత ఉంటే, అది సాధారణంగా తగిన శ్రమ. దీనికి రెండో ప్రమాణం మర్నాటి ఉదయం. నిన్న పది నిమిషాలు నడిచి ఇవాళ మంచం దిగలేకపోతే నిన్నటి మోతాదు ఎక్కువైనట్టే. మూడేసి నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచి ఇవాళ కూడా అంతే నడవగలిగితే, మొత్తంలో ఒక నిమిషం తగ్గినా లాభం అటే ఎక్కువ.

ఎడిన్‌బరా అధ్యయనంలో ఒక చిన్న వివరం మిగిలిపోయింది. కదలిక కొలతలో తేడా లేకపోయినా, అదనపు సాయం పొందిన జట్టులోని రోగులు తమకు అందిన ఫిజియోథెరపీ పట్ల, సమన్వయం పట్ల, తమ జబ్బు గురించి చెప్పిన తీరు పట్ల ఎక్కువ సంతృప్తి చెందారు. పరిశోధకులు దీన్ని రెండో వరుస ఫలితంగా నమోదు చేశారు. కొలబద్ద ఎంచుకునేది ఎవరన్న ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. శ్వాసకోశ వైఫల్యం నుంచి కోలుకున్నవారికి ఆరు నిమిషాల నడకలో 20 నుంచి 30 మీటర్ల మార్పు ఉంటే అది వారికి తెలిసేంత మార్పని పరిశోధకులు అంచనా కట్టారు. చదునైన వరండాలో నడిచిన ఆ దూరంలో మెట్లు లేవు, స్నానాల గదిలో తడి నేల లేదు, నేల మీద కూర్చుని మళ్లీ లేవడం లేదు. మూడో నెలలో పరీక్షకు వచ్చి 281 మీటర్లు నడిచిన మనిషి ఇంట్లో మెట్ల మొదటి వరుస దగ్గర ఆగిపోయారా, పైకి వెళ్లి వచ్చారా అన్నది ఆ కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు.